అరువిచ్చిన చేతులు

మా అమ్మ చేతులు టీవీలో వచ్చాయి. ముఖం రాలేదు, పేరు రాలేదు, చేతులు మాత్రం వచ్చాయి. మణికట్ల దగ్గర కొబ్బరిపీచు తాడుతో వెనక్కి విరిచి కట్టేసిన చేతులు. చూసినవాళ్ళంతా అవి హీరోయిన్ చేతులే అనుకున్నారు. అలా అనుకోవాలనే కదా అంత తంటాలు పడి తీసింది. కాదని తెలిసినవాళ్ళం మా ఊళ్ళో కొందరం, పలాసలో అమ్మ పనిచేసిన జీడి ఫ్యాక్టరీలో కొందరు. వాళ్ళలో ఇప్పుడు ఎందరికి గుర్తుందో నేను అడగలేదు.

ఇంట్లో అమ్మ ఫోటో ఒకటుంది. రేషను కార్డు కోసం తీయించింది. అందులో అమ్మ, ఎవరో తిట్టబోతుంటే ముందే సిద్ధపడి నిలబడ్డట్టు ఉంటుంది. భుజాల దగ్గరికే కోసేశారు. అమ్మ పోయాక ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు దిగులు తీరదు సరికదా, ఒళ్ళు మండుతుంది. అమ్మంటే నాకు చేతులే. తల దువ్వినవీ, చెవి మెలిపెట్టినవీ, జ్వరమొస్తే నుదుటి మీద ఆనినవీ అవే. ఆ చేతుల్ని ఇంకొక్కసారి చూడాలని నేను పడిన తాపత్రయమే ఇదంతా.

మా ఊరు పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. నాన్నకు కొంచెం జీడితోట, నాలుగు వరసల కొబ్బరి ఉండేవి. ఆయన తోట విడిచి కదిలేవాడు కాదు. అమ్మ పొద్దున్నే మొదటి ఆటోలో ఆడవాళ్ళతో ఇరుక్కుని పలాస వెళ్ళేది, పీలింగు పనికి. పిక్క కొట్టాక లోపల వచ్చే జీడిపప్పు మీద ఎర్రటి పలచని పొట్టు ఉంటుంది కదా, అది వేళ్ళతో తీయాలి. గోరు తగలకూడదు. పప్పు రెండు బద్దలైతే మేస్త్రి పదిమందిలో అంటాడు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పప్పును పట్టి, నొక్కీ నొక్కనట్టు ఒక్క తిప్పు తిప్పితే పొట్టు ఊడొస్తుంది. రోజంతా అదే తిప్పు. అమ్మ వేళ్ళు ఇంటికొచ్చాక కూడా ఆగేవి కావు. ఆటోలో కూర్చున్నా, రావివలస గుళ్ళో దేవుడి ముందు నిలబడ్డా, ఆఖరికి నిద్రలో కూడా బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉండేది. నాకు నవ్వొచ్చేది. దేవుడి దగ్గర కూడా పప్పు ఒలుస్తావా అని ఎగతాళి చేసేదాన్ని. ఆయనకీ రెండు పలుకులు పడతాయిలే అనేది.

నేను టెక్కలిలో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన ఏడు హైదరాబాదు నుంచి టీవీవాళ్ళు వచ్చారు. సినిమా అనుకుని ఊరంతా ఎగబడింది. సినిమా కాదు, టీవీలో ఆదివారం మధ్యాహ్నం వేసే సినిమా అని తెలిశాక సగంమంది పనుల్లోకి పోయారు. కథ ఏమిటంటే, ఒక డబ్బున్నాయన కూతుర్ని, ఆయన దగ్గర పని చేసి మానేసినవాడు కక్షకొద్దీ ఎత్తుకుపోయి, సముద్రపు ఒడ్డున ఒక పాత గోదాంలో దాస్తాడు. పోలీసులు వెతుకుతుంటారు. సముద్రం సీన్లు బారువలో తీసుకున్నారు. గోదాం మాత్రం మా ఊరి బయట దొరికింది. ఒకప్పుడు జీడి పిక్కలు నిలవ చేసి, తర్వాత ఖాళీగా వదిలేసినది.

గోడలకు ఆనుకోవద్దు, పాత గోనెల మీద చెయ్యి వెయ్యొద్దు అని గోదాం ఆసామి చెప్పాడట. పట్నంవాళ్ళకు జీడిపప్పు అంటే పాయసంలో వేసేది. ఆ పప్పు చుట్టూ తొక్కలో ఉండే రసం తోలు ఊడగొడుతుందని వాళ్ళకేం తెలుసు. మా వైపు పాకే పిల్లలు కూడా పచ్చి పిక్క జోలికి పోరు. ఆ హీరోయిన్ పాపం చేతులు వెనక్కి కట్టించుకుని ఒక పూటంతా ఆ గోనెల మీద ఆనుకుని ఏడ్చింది. మర్నాటికి మణికట్ల నుంచి వేళ్ళదాకా బొబ్బలు. కొబ్బరినూనె రాశారు, గుడ్డలు చుట్టారు. ముఖం బాగానే ఉంది కాబట్టి ముఖం వరకూ తీసుకుంటామన్నారు. కట్టేసిన చేతులు దగ్గర్నుంచి చూపించే ముక్కలు మాత్రం ఇంకా మిగిలిపోయాయి. దానికి చేతులు కావాలి.

చేతుల కోసం ఫ్యాక్టరీకి కబురు పెట్టారు. మేస్త్రి ఆడవాళ్ళని వరసలో నిలబెట్టి చేతులు చాపించాడు. పిక్కలు కొట్టేవాళ్ళ వేళ్ళు రసం పట్టి నల్లగా ఉంటాయి, ఎన్ని సబ్బులు అరిగినా పోదు. పీలింగువాళ్ళ చేతులు శుభ్రం. అందులో అమ్మవి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. డైరెక్టరు అమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆ సంగతి అమ్మ ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఉన్న సిగ్గు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ ఆదివారం నేను కూడా క్యారేజీ పట్టుకుని గోదాం దగ్గరికి వెళ్ళాను.

మొదటి పేచీ గాజుల దగ్గర వచ్చింది. కథలో పిల్లకు పెళ్ళి కాలేదు, చేతికి వాచీ తప్ప గాజుల్లేవు. గాజులన్నీ తీసెయ్యమన్నారు. మొగుడు బతికుండగా బోడిచేతులు చూపించమంటారా, మీకు మీ కథ ఎంతో నాకు నా గాజులు అంత, అని అమ్మ క్యారేజీ తీసుకుని లేచిపోయింది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. చివరికి రాజీ ఏమిటంటే, చేతికొక్క ఎర్రగాజు ఉంచుకుని దాన్ని మోచేతి మీదకి ఎగదోసి, హీరోయిన్ తొడుక్కున్నలాంటి జాకెట్టు చేతిలోపల దాచెయ్యాలి. ఎడమచేతికి వాచీ పెట్టారు. అమ్మ పుట్టి బుద్ధెరిగి వాచీ పెట్టుకోవడం అదే మొదలు. టైమెంతయిందే అని నన్నే అడిగింది.

ఒక కుర్రాయన వచ్చి కొబ్బరిపీచు తాడుతో చేతులు వెనక్కి కట్టాడు. విడిపించుకోవడానికి కష్టపడుతున్నట్టు చెయ్యమన్నారు. కెమెరా తిరగడం మొదలైంది. అమ్మ కష్టపడలేదు. చూపుడువేలితో ముడిని ఒకసారి తడిమింది. తర్వాత తాడును లాగకుండా, ముడిలోపలికి తోసింది. అలా రెండు తోపులు తోసేసరికి ముడి వదులైంది. చేతులు ముందుకొచ్చాయి. ఎగదోసిన కుడిచేతి గాజు జారి మణికట్టు మీదికి వచ్చింది. అమ్మ ఆ తాడును అలవాటు చొప్పున నాలుగు వేళ్ళకు చుట్ట చుట్టి, కొస దోపి, పక్కన పెట్టింది. రోజూ ఆవును విప్పి పలుపు చుట్టిపెట్టే మనిషికి అంతకన్న ఇంకేం తోస్తుంది. అందరూ గొల్లుమన్నారు.

"విప్పకూడదమ్మా. ఆ అమ్మాయి విప్పుకోలేదు, అదే కథ," అన్నాడు డైరెక్టరు.

అమ్మకు ఆ మాట బొత్తిగా ఎక్కలేదు. "ఎందుకు ఇప్పుకోనేదు బాబూ? పగలల్లా కాళీగానే కూకున్నాది గదా. దేవుడు పది వేళ్ళిచ్చినాడు. ముడి లాగితే బిగుస్తాది, తోస్తే ఒదులుతాది. సదువుకున్న పిల్లకి ఆమాత్రం తెలవదేటి?"

ఆయన నవ్వి, గాజు కూడా పడింది, ఈ ముక్క పనికిరాదు అని పక్కవాళ్ళకి చెప్పి, మళ్ళీ కట్టించాడు. ఈసారి అమ్మ ముడి జోలికి పోలేదు. పెనుగులాడమంటే తెలియలేదు, ఊరికే కూర్చుంది. కాసేపటికి ఆమెకు తెలియకుండానే బొటనవేలు చూపుడువేలి మీద తిరగడం మొదలుపెట్టింది. డైరెక్టరు సంబరపడిపోయాడు. ఆ వేళ్ళలో ఎంత భయం ఉందో చూడండి అన్నాడు. నేనూ, చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళూ నోరు మూసుకుని నవ్వు ఆపుకున్నాం.

కొన్ని నెలలకి ఆ టీవీ సినిమా వచ్చింది. మా ఊళ్ళో డిష్ ఉన్నది రిటైరైన మేస్టారింట్లో. ఆయన హాలు, అరుగు, కిటికీ ఊచలు అన్నీ నిండిపోయాయి. అమ్మ గోడ వారగా, చేతులు పమిట కింద దాచుకుని కూర్చుంది. బయట గాలీ వానా మొదలయ్యాయి. మొదటిసారి కట్టేసిన చేతులు కనబడగానే అమ్మతో పనిచేసే ఒకావిడ అదిగో పప్పు ఒలుస్తన్నాది అంది. ఇల్లంతా నవ్వు. రెండోసారి, మూడోసారి కనబడ్డప్పుడు నవ్వలేదు. ఆ పిల్ల ఏడుస్తుంటే, ఆ వేళ్ళు అలా తిరుగుతుంటే నేను ముందుకు జరిగి కూర్చున్నాను. అవి అమ్మవని తెలిసి కూడా ఆ పిల్ల ఎలా బయటపడుతుందో అని భయం వేసింది. వాడు బయట తాళం వేసి వెళ్ళాడు. పోలీసు జీపు తప్పుదారిన పోయింది. అప్పుడు కరెంటు పోయింది.

సాయంత్రం దాకా కూర్చున్నాం. రాలేదు. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ అమ్మకు అదే ధ్యాస. ఆవు పాలు పితుకుతూ కూడా ఆ పిల్లను ఒగ్గేసి ఉంటాడంటావా అని అడిగేది. అది కథేనమ్మా అంటే, నాకు తెలవదేటి, ఐతే మటుకు కట్టేసిన పిల్లని కట్టేసినట్టే ఎలా ఒగ్గేత్తాం అనేది. గాలివానకు మూసిన కాలేజీ తెరిచిన రోజు ఆటో ఎక్కబోతుంటే వెనకనుంచి పిలిచి చెప్పింది, టెక్కలిలో కరెంటు పోయుండదు, నీ నేస్తాల్నడిగి చివరికి ఏమైందో కనుక్కురమ్మని.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. కాలేజీలో నేను కూర్చునే బెంచీలో మిగతావాళ్ళ నాన్నలు టీచర్లు, ఆఫీసుల్లో గుమస్తాలు, ఒకరి నాన్న పురోహితుడు. వాళ్ళ దగ్గర నేను మాట మార్చుకున్నాను. ఇంటిదగ్గర మాట్లాడే మాట ఇంటి దగ్గరే వదిలేసి పుస్తకంలో మాట మాట్లాడేదాన్ని. మా అమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పాను. ఎవరూ అడగకముందే చెప్పాను. అదే నా బుద్ధి.

ఆ రోజు నేను వెళ్ళేసరికి వాళ్ళు ఆ టీవీ సినిమా గురించే మాట్లాడుకుంటున్నారు. అడగడానికి నోరు తెరిచాను కూడా. ఇంతలో ఒకమ్మాయి, ఆ చేతులు ఆ హీరోయిన్‌వి కావే, ఎవరో కూలిదాన్ని పట్టుకొచ్చి పెట్టారు అంది. ఇంకో అమ్మాయి, వాచీ పెట్టుకున్న పిల్లకి ఆ ఎర్రగాజు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. అడగవలసిన మాట అడగలేదు. సాయంత్రం దాకా నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ కోపం మాత్రం ఎందుకో అమ్మ మీదికి పోయింది.

ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగింది.

"పోలీసులొచ్చి విప్పారు," అన్నాను.

"పోలీసులేనా?" అంది అమ్మ. "సర్లే. ఎవులో ఒకులు వచ్చినారు గదా. నానైతే ఇప్పుకుందును."

తర్వాత లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. ఆ మాటలో నిరాశ నాకు వినబడింది. వినబడినా, తెలియదమ్మా, నేను అడగలేదు అని చెప్పడానికి నోరు రాలేదు. చిన్న అబద్ధమే కదా అనుకున్నాను.

ఆ వారంలోనే కాశీబుగ్గలో వీడియో షాపున్న మావ మోపెడ్ మీద వచ్చాడు. ఆయనది అమ్మ పుట్టిన ఊరు. చుట్టరికం లేకపోయినా అమ్మను అక్కా అనేవాడు, నాకు మావ. ఆయన షాపులో జనరేటరుంది. ఆదివారం నాటి సినిమా పూర్తిగా రికార్డు చేసి క్యాసెట్టు తెచ్చాడు. దాని మీద బాల్‌పెన్నుతో ‘అక్క చేతులు’ అని రాసి పెట్టాడు. చివరికేమైందిరా అని అమ్మ అడిగితే, రికార్డులో పెట్టి పెళ్ళికి పోయాను, నేను చూడలేదు, మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడేటి అన్నాడు. వీడియో డెక్కు తెచ్చుకుని చూడండన్నాడు. అప్పట్లో ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకీ పండగలకీ డెక్కూ టీవీ కలిపి ఒక పూటకి అద్దెకు తెచ్చుకునేవాళ్ళు.

అమ్మ ఆ క్యాసెట్టును తన పెళ్ళిచీర మడతలో పెట్టి ట్రంకుపెట్టెలో దాచింది. ఎప్పుడు డెక్కు తెద్దామన్నా నేనే అడ్డం పడ్డాను. ఒకసారి పరీక్షలన్నాను. ఒకసారి ఊరంతా వచ్చి పడతారన్నాను. చివర్లో పోలీసులు రాకపోతే నా అబద్ధం బయటపడుతుంది, అదీ నా బెంగ. నా బెంగ ఎంత చిన్నదో, దానికి ఎంత పెద్ద వస్తువును అడ్డం పెట్టానో అప్పుడు తెలియలేదు. క్యాసెట్టు ఎక్కడికి పోతుంది, ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్నాను. అమ్మ కూడా ఎక్కడికీ పోదనే అనుకున్నాను.

నేను డిగ్రీలో ఉండగా అమ్మ పాదాలు వాచడం మొదలైంది. మా ఉద్దానంలో పాదాలు వాచాయంటే ఎవరూ ఏమిటని అడగరు. కిడ్నీల జబ్బని అందరికీ తెలుసు, క్రియాటినిన్ ఎంత అనే అడుగుతారు. అమ్మ ముందు దాచింది, తర్వాత పీలింగు హాల్లో కళ్ళు తిరిగి పడ్డాక దాచలేకపోయింది. అప్పట్లో డయాలసిస్‌కి విశాఖపట్నం పోవాలి. వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కేవాళ్ళం. నేను చదువు ఆపి అమ్మ వెంట తిరిగాను. నాన్న స్టేషను దాకా వచ్చి, రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడి, తోటకి పోయేవాడు.

ఆసుపత్రిలో మిషను పక్కన పడుకోబెట్టి, ఎడమచేతికి సూదులు గుచ్చి, గొట్టాలు కదలకుండా ప్లాస్టరు వేసేవారు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. అమ్మ కదపకుండానే ఉండేది కాని వేళ్ళు ఊరుకునేవి కావు. బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉండేది. నర్సు వచ్చి చెయ్యి కదపకమ్మా అని కసురుకునేది. నేను ఆ వేళ్ళను నా చేతిలోకి తీసుకుని పట్టుకునేదాన్ని. నా అరచేతిలో కూడా తిప్పేది. ఆ తిప్పు నాకిప్పుడు కావాలి. ఈ ప్రపంచంలో ఇంకేమిచ్చినా దానికి సరిపోదు.

ఒకరోజు ప్లాస్టరు వేసిన చెయ్యి వైపు చాలాసేపు చూసి, "ఆ పిల్లకి నయమే. దానికి పోలీసులొచ్చినారు," అంది.

నేను కిటికీ వైపు తిరిగాను. అప్పుడైనా చెప్పొచ్చు, చివరికేమైందో నాకు తెలియదని. చెప్పలేదు. కాసేపాగి అమ్మే, ఈసారి ఇంటికెళ్ళాక డెక్కు తెద్దామే, ఒకమారు చూడాలనుంది అంది. నువ్వు కోలుకున్నాక తెద్దాం అన్నాను. అమ్మ ఆ వానాకాలం దాటలేదు.

మరుసటేడు పిక్కల కాలం వచ్చింది. ఏడాది దగ్గర పడుతోంది కదా, ఆ రోజుకి డెక్కు తెచ్చి అమ్మ చేతులు చూద్దామని నేనే నాన్నతో అన్నాను. ట్రంకుపెట్టె తెరిచి చీర మడత విప్పాను. సముద్రపు గాలికి క్యాసెట్టు లోపలంతా తెల్లగా బూజు పట్టింది. అద్దంలోంచి చూస్తే రీలు మీద పిండి చల్లినట్టుంది.

మా ఇళ్ళల్లో బూజుకు ఒకటే మందు, ఎండ. ఎండు చేపలు, పిక్కలు, అప్పడాలు, బొంతలు, పిల్లల బడిపుస్తకాలు, వానకు తడిసిన పొలం కాగితాలు, ఏవైనా సరే ఎండబెడతాం. ఎండిన వస్తువు చెడదని అమ్మ నూరుసార్లు చెప్పి ఉంటుంది. రావివలసలో మల్లికార్జునుడికి నెత్తి మీద కప్పు లేదు, ఎండల్లోనే ఉంటాడు, అందుకే అన్నేళ్ళు నిలిచాడు అనేది. ఆ మాట మీద నాకు ఎంత నమ్మకమంటే, వాకిట్లో పిక్కలు ఆరబోసిన గోనె మీదే ఒక పక్కన ఆ క్యాసెట్టు పెట్టాను. వైశాఖం ఎండ. అమ్మ పిక్కల్ని తిరగేసినట్టే గంటకోసారి తిరగేశాను. పిక్కలకు మూడు ఎండలు పెడతాం కాబట్టి దానికీ మూడు ఎండలు పెట్టాను. బూజు పోయింది. ఎంత సంతోషపడ్డానో.

కాశీబుగ్గ తీసుకెళ్తే మావ దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పెట్టె మూలలు పైకి లేచి ఉన్నాయి, నేను గమనించనే లేదు. ఆయన షాపు అప్పటికి వీడియో షాపు కాదు, సెల్ రీచార్జి షాపు.

"ఓలమ్మ, అప్పడం సేసీనావే పిల్లా," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అక్కడే స్టూలు మీద కూలబడి, దారినపోయేవాళ్ళు చూస్తున్నా ఏడ్చాను. అమ్మ నేర్పిన పద్ధతిలోనే అమ్మను పోగొట్టుకున్నానని వెక్కుతూ చెప్పాను. మావ షట్టరు సగం దించి, అటక మీంచి పాత డెక్కు దించి తుడిచాడు. స్క్రూడ్రైవరుతో క్యాసెట్టు విప్పి, రీలును ఇంకో క్యాసెట్టు పెట్టెలోకి మార్చాడు. పైన పైన చుట్లన్నీ ముడతలు పడి ఒకదానికొకటి అంటుకున్నాయి. వాటిని చేతులతో ఊడదీస్తూ పోయాడు. గుట్టగా నేల మీద పడుతున్నాయి. ఆ గుట్టలోనే అమ్మ వేళ్ళు మూడుసార్లు తిరిగాయని నాకు తెలుసు.

ఇరుసు దగ్గర చివరి చుట్లు కొంచెం బాగున్నాయి. క్యాసెట్టు ఎవరికిచ్చినా మొదటికి చుట్టి ఇవ్వడం ఆయన షాపు పద్ధతి, కాబట్టి సినిమా చివరి భాగం అడుగున ఉండిపోయింది. పై చుట్లు ఎండను కాసుకున్నాయి. ఇది మీరు చూడని ముక్కేనే, కరెంటు పోయిన తర్వాతది అన్నాడు మావ. అందులో చేతులుంటాయో ఉండవో ఇద్దరికీ తెలియదు. పోలీసులే ఉంటారనుకున్నాను.

డెక్కు గరగరమంది. బొమ్మ మీద గీతలు పడ్డాయి, నీళ్ళలో కదిలినట్టు కదిలింది. గోదాం కనబడింది. హీరోయిన్ ముఖం, కళ్ళు మూసుకుని ఉంది. బయట సముద్రం హోరు. తర్వాత చేతులు.

పెనుగులాడటం లేదు. చూపుడువేలు ముడిని ఒకసారి తడిమింది. తాడును లాగకుండా, లోపలికి తోసింది. మళ్ళీ తోసింది. ముడి వదులైంది. చేతులు ముందుకొచ్చాయి. కుడిచేతికి ఎర్రగాజు జారి మణికట్టు మీద ఆగింది. ఆ చేతులు తాడును నాలుగు వేళ్ళకు చుట్ట చుట్టి, కొస దోపి, పక్కన పెట్టాయి. హీరోయిన్ కళ్ళు తెరిచింది. వెనక కిటికీలోంచి దూకి ఇసకలో పరుగెత్తింది. పోలీసు జీపు ఆమెకు ఎదురొచ్చింది. తర్వాత పేర్లు పడ్డాయి, అందులో అమ్మ పేరు లేదు.

పనికిరాదని పక్కన పెట్టిన ముక్క అది. కథకు చివరేమిటో తెలియక ఇబ్బంది పడ్డాడో, అమ్మ అడిగిన ప్రశ్న ఆ డైరెక్టరు మనసులో మెదిలిందో, మొత్తానికి దాన్నే పెట్టుకున్నాడు. టెక్కలి కాలేజీలో ఆ అమ్మాయి ఎర్రగాజు అన్నప్పుడే నాకు తెలియాలి. మేం చూసినంతలో గాజు ఎక్కడా కనబడలేదు కదా. నవ్వడంలో పడి ఆ మాట వినలేదు.

"అక్క సూసిందేటి ఇది?" అని అడిగాడు మావ.

"లేదు మావా. పోలీసులొచ్చి విప్పారని చెప్పాను."

ఆయన రీలు వెనక్కి తిప్పాడు. మళ్ళీ వెయ్యనా అన్నాడు. వెయ్యమన్నాను. చీకటి పడేదాకా ఎన్నిసార్లు వేశాడో లెక్క లేదు. తర్వాత దాన్ని సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. నా దగ్గర భద్రంగా ఉంది, ఎండ తగలని చోట. కట్టేసి ఉన్నప్పుడు తిరిగిన వేళ్ళు మాత్రం పోయాయి. అవి ఇంకెక్కడా దొరకలేదు. ఆ టీవీవాళ్ళకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు.

కాశీబుగ్గ నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం నేనూ నాన్నా వాకిట్లో పిక్కలు ఎత్తుతున్నాం. ఎండ తగ్గింది కాని గోనెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అమ్మ కూర్చునే చోట, గుమ్మం పక్క, ఎవరూ లేరు. అక్కడికి చూస్తుంటే ఇక ఆగలేకపోయాను. చాలా ఏళ్ళ తర్వాత ఇంటి మాటలో, గట్టిగానే చెప్పాను.

"పోలీసులు రానేదే అమ్మా. నువ్వే ఇప్పుకున్నావు."

నాన్న తలెత్తి నా వైపు చూశాడు. గోనె మూతి కట్టడానికి పీచుతాడు అందించాడు.